పేరుమడుల్లో దగ్గు

నమోదు 61

చెబితే వినే రకమైతే వాడు చౌడప్ప ఎందుకవుతాడు? పిండువలలన్నీ మళ్లీ బార్లా తెరిపించాడు. మొన్నటిదాకా కాలు జారేంత తడి, ఇవాళ కాలు దిగబడేంత తడి. గాలిని పిండి నీళ్లు తీసే వలలు చేతిలో ఉన్నాయి కదా అని పగలూ రాత్రీ పిండుతూ కూర్చుంటే చివరికి గాలికే దాహమేస్తుందిరా అన్నాను.

"నీకు మోకాళ్ల నొప్పులు బావా. అందుకే తడిని తిడతాండావు," అన్నాడు.

వాడు ఈ కొండకు పెద్ద, నాకు బామ్మర్ది. ఈ రెండింటిలో రెండోదానికే నేను మర్యాద ఇస్తాను. అది కూడా వాళ్లక్క కాశమ్మ ఇంట్లో ఉన్నప్పుడే.

పొద్దున మందను చూసొచ్చి, చూసింది చూసినట్టు ఈ పలుకుపెట్టెకు చెప్పడం నా పని. నేను ఎలా మాట్లాడినా పెట్టె దాన్ని అచ్చు తెలుగులోకి దిద్దుకుంటుంది. పక్కవాళ్ల మాటలు మాత్రం సాక్ష్యం కాబట్టి ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుందట. అంటే ఈ కొండ మీద చదువుకున్నవాడిలా కనబడేది నేనొక్కడినే. నాకు అయిదో తరగతి చెప్పిన అయ్యవారు వింటే ఈ పెట్టెను కావలించుకుని ఏడుస్తాడు.

ఇక సంగతి. కణుజులు దగ్గుతున్నాయి.

కణుజు అంటే గుర్రమంత జింక. పులి వాసన తగిలితే కొండంతా మోగేలా అరుస్తుంది, అది తెలుసు. దగ్గడం మాత్రం ఎప్పుడూ వినలేదు. ఇవాళ ఒక ఆడ కణుజు మెడ ముందుకు చాచి, నాలుక బయటపెట్టి, లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు దగ్గింది. కాసేపు ఆగి, ఏమీ జరగనట్టు మళ్లీ గడ్డి మేసింది. దాని పక్కన ఇంకొకటి దగ్గింది. తర్వాత పొదల వెనక నుంచి ఇంకొకటి. జాతరలో సినిమాకు కూర్చున్న ముసలివాళ్లలాగా.

తడికి జలుబు చేసి ఉంటుందని చౌడప్పకు చెప్పాను. తడి అన్నది వాడికి వినబడలేదు, జలుబు అన్నది మాత్రం వినబడింది.

నమోదు 63

ఒకటి పోయింది. వాగు పక్కన, గడ్డిలోనే, మేస్తూ మేస్తూ మోకాళ్ల మీద కూలబడినట్టుంది. నోట్లో గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.

మందను లెక్కపెట్టడానికి ఆకాశంలో తూనీగ తిరుగుతుంది. ఒంటి వేడిని చూసి లెక్క వేస్తుంది కాబట్టి, దాని లెక్కలో చచ్చినవి కూడా చల్లబడేదాకా బతికే ఉంటాయి. నేను శవం పక్కన నిలబడి ఉంటే పైనుంచి "మంద పూర్తిగా ఉంది" అని పలికింది. నన్ను కూడా కలుపుకుని ఉంటుంది.

ఈ మాట నవ్వుతూ ఇంట్లో చెప్పాను. కాశమ్మ నవ్వలేదు. 

"మంద పోతే మనం దిగాల కదయ్యా," అంది.

అవును. ఈ కొండ మాది కాదు, కణుజులది. మంద ఉన్నంతకాలం దానికి కాపలాగా మేం ఉండవచ్చు, మంద పోయిన రోజు దిగిపోవాలి. ఆ ఒప్పందం మీదే అడవిశాఖ వాళ్లు మమ్మల్ని పైకి రానిచ్చారు. దిగితే కింద ఏముందో కొండ మీద అందరికీ తెలుసు. మా ఊళ్లు కరువుకు పోలేదు, వరదకు పోలేదు. మంటకు పోయాయి. ఇప్పటికీ కింద ఎండాకాలంలో పగలు బయట నిలబడ్డ మనిషి సాయంత్రానికి ఉండడు. మేం ఎక్కిన ఏడాది దారిలో చిన్నపిల్లలు ఒక్కరూ బతకలేదు. మా బిడ్డ గంగులు అప్పటికి మూడేళ్లది. అది కొండ ఎక్కలేదు, దాని పేరొక్కటే ఎక్కింది.

నమోదు 64

షంషాద్ డాక్టరమ్మ వచ్చింది. పశువుల డాక్టరు అని పేరే కానీ కింద పశువులు పోయి చాలా కాలమైంది. "ఉద్యోగం ఉండాది, రోగులే లేరన్నా," అంటూ నవ్వేది ఇంతకుముందు. ఇవాళ నవ్వలేదు.

చచ్చిన కణుజును కోసింది. నన్ను కాళ్లు పట్టుకోమంది. ఊపిరితిత్తులు బయటికి తీసి బండ మీద పరిచింది. తిత్తులు దూదిలా ఉండాలట. ఇవి ముందువైపు దూదిలాగే ఉన్నాయి. వెనకవైపు అంచులు మాత్రం పచ్చికాయలాగా గట్టిగా, బూడిదరంగు గడ్డలు కట్టి ఉన్నాయి. కత్తి పెడితే ఇసుక కోసినట్టు కరకరమంది. గొట్టాలు చీల్చింది. నురుగులో వెంట్రుకంత సన్నటి తెల్లటి పురుగులు, చిక్కుపడ్డ దారంలాగా.

"చూడన్నా. ఇవి పెట్టే పిల్లలు దగ్గుతో గొంతులోకి వస్తాయి. కణుజు మింగుతాది. పెంటికల్లో పడతాయి. ఆ పెంటిక మీద నత్త పాకితే దాని మెత్తటి అడుగులోకి దూరుకుంటాయి. నత్త గడ్డి మీదికి ఎక్కుతాది. గడ్డితో పాటు నత్తను కణుజు మేస్తాది. మళ్లీ తిత్తుల్లోకి."

మా ఊరి నుంచి తాలూకా ఆఫీసుకు పోవాలన్నా ఇలాగే మూడు బండ్లు మారాల్సి వచ్చేది. కానీ సగం మంది విసుగొచ్చి దారిలో దిగిపోయేవాళ్లు. వీటిల్లో దిగేవే లేవట.

మందు లేదా అని అడిగాను. ఉంది, ఉప్పుగడ్డల్లో కలిపి పెడుతూనే ఉన్నాం కదా. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పెట్టి పెట్టి పురుగులకు అది అలవాటైపోయిందట. మా పెదనాన్నకు సారా అలవాటైనట్టు.

"మరి ఇదివరకు ఈ పురుగు లేదా?"

"ఎందుకు లేదు? కణుజు ఉన్నప్పటినుంచీ ఉండాది. కానీ ఎండాకాలం వస్తాండె. పెంటికలు ఎండిపోయి అందులో పిల్లపురుగులు మాడిపోతాండె. నత్తలు తలుపేసుకుని రాళ్ల కింద పండుకుంటాండె. ఏడాదికొకసారి కొండ కడుక్కున్నట్టు అయితాండె. మీరు ఎండాకాలాన్నే లేకుండా చేసినారన్నా."

మేం చేసిన ఒకే ఒక్క మంచిపని అనుకున్నది అదే. నేను నత్తల్ని చూశాను. గడ్డిపోచకొకటి, నిండు గర్భిణుల్లాగా వేలాడుతున్నాయి. పొద్దుటి నుంచి వాటి మీదే నడుస్తున్నాను.

నమోదు 65

రచ్చబండ దగ్గర కూడాం. డాక్టరమ్మ చెప్పింది: వలలు దించెయ్యాలి. తాగే నీళ్లకు రెండు ఉంచుకోండి, మిగతావన్నీ చుట్టెయ్యండి. కొండ ఎండాలి.

 చౌడప్ప గొంతు సవరించుకున్నాడు.

"మేత ఎండిపోతే మంద ఏం తింటాదమ్మా?"

"ఎండుగడ్డి తింటాది. చెట్ల బెరడు తింటాది. వాటి తాతలు అదే తిన్నాయి."

"సరే. కొండంతా ఎండబెడతాం. మరి పేరుమడులు?"

అదీ అసలు ప్రశ్న. డాక్టరమ్మకు తెలియదు, ఆమె మా మనిషి కాదు. కింద పోయిన పిల్లలకు పూడ్చిన చోటు కూడా లేదు మాకు. అందుకని కొండ ఎక్కాక ఇంటికొక మడి గీసుకున్నాం, పోయిన బిడ్డ పేరు పెట్టాం. ఆ మడికి వల నుంచి సొంత గొట్టం. దాంట్లో గడ్డి ఎన్నడూ పసుపు తిరగకూడదు. తిరిగితే ఆ బిడ్డను రెండోసారి ఎండలో వదిలేసినట్టే. చీర అంచులాగా కొండ నడుం చుట్టూ ఉంటాయవి, ఒకదాని పక్కన ఒకటి. కణుజులు మేయడానికి వస్తే తోలం. బిడ్డ పేరు మీద మేసిపోయాయని సంతోషిస్తాం.

నేను ఇదంతా డాక్టరమ్మకు విడమరిచి చెప్పాను.

"అన్నిటికంటే నత్తలు ఎక్కువ ఉండేది ఆడేనన్నా," అంది. "కణుజులన్నీ ఒకేచోట మేసి, ఒకేచోట పెంటికలు వేసి, మళ్లీ ఆడికే వస్తాయి. అవి కూడా ఎండాల్సిందే."

కాశమ్మ లేచి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఆడవాళ్లంతా. మగవాళ్లు మాత్రం కూర్చుని తలకాయలు ఊపారు. మా ఊళ్లో తీర్మానాలు ఎప్పుడూ అలాగే అవుతాయి.

వలలు దించాలని తీర్మానమైంది. పేరుమడుల గొట్టాలు కూడా కట్టెయ్యాలని.

నమోదు 68

వలలు దించి మూడు వారాలైంది, కొండ పసుపు తిరుగుతోంది. పొద్దున లేచి చూస్తే కింద మా ఊరి గుట్టలాగా ఉంది. ఇరవై ఏళ్లుగా చూడని రంగు. జనం తలుపులు తీయడం లేదు. ఎదురింటి వాళ్లు కిటికీకి చీర కట్టుకున్నారు.

దగ్గు తగ్గుతుందని చూస్తున్నాను. తగ్గలేదు, ఎటో దూరం నుంచి వినబడుతూనే ఉంది. పొద్దున వాగు దగ్గర వినబడేది ఇప్పుడు వినబడటం లేదు, అదొక్కటే సంతోషం. ఆ సంతోషంతో చౌడప్పకు చెబితే, "చూసినావా బావా," అన్నాడు, ఈ ఆలోచన తనదైనట్టు.

కాశమ్మ నాతో మాట్లాడటం లేదు. గొట్టానికి ముడి వేసింది నేను కాబట్టి. అన్నం మాత్రం పెడుతోంది. ఉప్పు వెయ్యడం లేదు. ఉప్పంతా కణుజులకు పంపారు కదా అంటే, దానికీ మాట్లాడలేదు.

నమోదు 71

మూడు పోయాయి. అందులో ఒకటి పెద్ద పోతు, కొమ్ములు నా చేతులంత పొడుగు. నేను చూస్తుండగానే నిలబడి నిలబడి, పక్కటెముకలు ఎగరేస్తూ, నోరు తెరుచుకుని గాలి కోసం చూసి చూసి పడిపోయింది. గాలి చుట్టూ ఉంది. లోపలికి పోయే దారి లేదు.

డాక్టరమ్మ కోసి చూసింది. పురుగులు ఇదివరకటి కంటే ఎక్కువ. గొంతు దాకా ఉన్నాయి.

"ఇది ఎండినచోట మేసిన జంతువు కాదన్నా," అంది. "దీని కడుపులో ఉండేది పచ్చగడ్డి."

కొండ మీద పచ్చగడ్డి ఎక్కడుంది? ఆమె నన్నే అడిగింది. నేను ఆకాశం కేసి చూశాను. తూనీగ "మంద పూర్తిగా ఉంది" అంది.

నమోదు 72

పొద్దు పొడవకముందే లేచాను. పక్కన కాశమ్మ లేదు. దగ్గు వినబడిన వైపు నడిచాను. కొండ నడుం దగ్గరికి, పేరుమడుల వైపు. గొట్టాలు కట్టిన రోజు నుంచి నేను అటు పోలేదు.

మసక వెలుతురులో మొదట కనబడింది చౌడప్ప. నెత్తి మీద కడవ.

"ఏం బామ్మర్దీ, ఇంత పొద్దున్నే?"

"కాళ్లు కడుక్కుందామని బావా."

"కడవెడు నీళ్లతోనా? నీకు ఎన్ని కాళ్లున్నాయి?"

వాడు జవాబు చెప్పేలోపు వాడి వెనక ఇంకొక కడవ వచ్చింది. దాని వెనక ఒక బిందె. మడుల మధ్య దారంతా మనుషులే. చెంబులు, బిందెలు, పిల్లలు స్నానం చేసే బకెట్లు. ఒకరిని చూసి ఒకరు దాక్కోబోయి, దాక్కోడానికి చోటు లేక నిలబడిపోయారు. పెళ్లికి పిలవకుండా అందరూ వచ్చినట్టు.

చివర కాశమ్మ. చంకలో బిందె, చేతిలో చెంబు. గంగులు పేరు పెట్టిన మడి మధ్యలో నిలబడి ఉంది. పాదాల కింద తడి.

"ఒక్క చెంబే పోస్తాననుకుంటి," అంది. "ఒక్క చెంబుకు ఏమయితాదిలే అనుకుంటి. అందరూ ఒక్క చెంబే అనుకున్నారేమో."

 అప్పుడు వెలుతురు కొంచెం పెరిగింది.

కొండంతా బూడిదరంగులో ఎండిపోయి ఉంది. నడుం చుట్టూ ఈ మడులు మాత్రం పచ్చగా మెరుస్తున్నాయి. కణుజులు అన్నీ, కొండ మీద ఉన్న ప్రతి కణుజూ, ఇక్కడే. ఇదివరకు మందంతా కొండ మీద చెల్లాచెదురుగా మేసేది. ఇప్పుడు పచ్చ ఉన్నచోటికి మొత్తం చేరింది. భుజాలు రాసుకుంటూ, ఒకదాని పెంటికల మీద ఇంకొకటి నిలబడి మేస్తోంది. నేల కనబడటం లేదు, నత్తలు. అక్కడక్కడా పడిపోయినవి. లేచే ఓపిక లేక కూర్చున్నచోటే అందినంత మేస్తున్నవి.

ఒకటి దగ్గింది. దాని తర్వాత అన్నీ దగ్గాయి.

చౌడప్ప నెత్తి మీది కడవ దించాడు. నీళ్లు ఎక్కడ పారబొయ్యాలో తెలియక, చాలాసేపు అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

నమోదు 73

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. బండ మీద కూర్చుని, చెయ్యి కడుక్కుని, మెల్లగా చెప్పింది.

"ఇంగ ఎండబెట్టే టైము లేదు. నత్తలు మూతులు బిగించుకుని పండుకుంటాయి, మీరు మళ్లీ తడిపిన పొద్దు లేస్తాయి. మీరు తడపరని నేను నమ్మను. మీరూ నమ్మొద్దు. నేల మీద ఉండేదంతా కాల్చాల."

కాల్చాలి అన్న మాటకు ఒక ముసలామె చెవులు మూసుకుంది.

ఈ కొండ మీద అగ్గిపెట్టె లేదు. ఎవరైనా నిప్పు ముట్టిస్తే దించేస్తాం అని మాకు మేమే పెట్టుకున్న కట్టు అది. వంటంతా ఎండకుంపట్ల మీదే, పెద్ద పళ్లెమంత అద్దం ఎండను గిన్నె మీదికి తోస్తుంది. మంట రంగు చూడని పిల్లలు పుట్టి పెరిగారు ఇక్కడ.

"నిప్పుకు భయపడి కదా ఈడికి వచ్చింది," అన్నాడు చౌడప్ప.  "నా కొడుకు పోయింది నిప్పులో. ఇప్పుడు వాని పేరుకు నేనే నిప్పు పెట్టాల్నా? నువ్వు చదువుకున్నదానివి, ఇంకేమన్నా చెప్పమ్మా. ఏం చెప్పినా చేస్తాం."

"ఇంకేమీ లేదు చౌడప్పన్నా. ఉంటే చెప్పనా?"

"మంద బాగవుతుందా, కాలిస్తే?" నేను అడిగాను.

"గట్టిపడిన తిత్తి మళ్లీ మెత్తబడదు. ఇప్పుడు ఉండేవాటిల్లో చానా పోతాయి, ఉన్నదున్నట్టు చెప్తాండా. కానీ ఆడవి కట్టి, కడుపుతో ఉండాయి. పిల్లలు తిత్తుల్లో పురుగు లేకుండా పుడతాయి. అవి మొదటిసారి మూతి పెట్టే గడ్డి శుభ్రంగా ఉంటే, మంద ఉంటాది. లేదంటే వాటితోనే సరి."

నేను లేచి ఏదో ఒకటి అనాలి. ఇలాంటప్పుడు అందరూ నా కేసే చూస్తారు, ఒక నవ్వు మాట అంటాననీ, దాంతో కాస్త ఊపిరి ఆడుతుందనీ. నేను కాలికి అంటిన నత్తను బండకు గీకుతూ కూర్చున్నాను. 

తీర్మానం కాలేదు. తలకాయలు ఊపడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

నమోదు 75

తీర్మానం లేకపోయినా, ముందు మంద జరగాలి కదా అని ఉప్పుగడ్డలు మోసుకుపోయి పడమటి బోడిబండల మీద పెట్టాం. అక్కడ గడ్డి పలచన, నీళ్లు లేవు, నత్త అన్నది లేదు. మందను తోలితే పరుగెత్తి చచ్చిపోతాయని డాక్టరమ్మ చెప్పింది. అందుకని మేమెవరం తోలలేదు. ఉప్పు వాసనకు అవే కదిలాయి, ఆగుతూ, దగ్గుతూ, చెట్టుకు ఆనుకుని నిలబడుతూ. కదలనివి కొన్ని మడుల్లోనే ఉండిపోయాయి. లేవలేనివి.

వాటికి డాక్టరమ్మ సూది వేసింది. నేను తల పట్టుకున్నాను. మెడ కింద చెయ్యి పెడితే ఊపిరి తగిలేది, గరగరా, గింజల సంచి కదిలించినట్టు. సూది పడ్డాక ఆ గరగర ఆగేది. ఒక్కోసారి ఆగడమే నయమనిపించింది.

గంగులు మడిలో ఒకటి ఉంది. సూది అక్కరలేకుండానే పోయింది, మేం దగ్గరికి పోయేసరికి. కాశమ్మ దాని మూతికి అంటుకున్న నురుగు చీర కొంగుతో తుడిచింది.

నమోదు 76

మిట్టమధ్యాహ్నం నేను మడుల చుట్టూ గడ్డి చెక్కుతున్నాను, మంట దాటకుండా. చౌడప్ప, ఇంకొందరు కూడా చెక్కుతున్నారు. కానీ ముట్టించేది ఎవరో ఎవరూ అనుకోలేదు. చెక్కుతూ ఉంటే సాయంత్రమవుతుంది, సాయంత్రమైతే రేపు చూద్దాం అనుకోవచ్చు. మా అందరి ఆలోచనా అదే అని నాకు తెలుసు, ఎందుకంటే నాదీ అదే.

కాశమ్మ ఇంటి నుంచి ఎండకుంపటి అద్దం నెత్తిన పెట్టుకుని వచ్చింది. అద్దంలో ఆకాశం కదులుతూ వచ్చింది.

"అక్కా, యాడికి?" చౌడప్ప పార వదిలేశాడు.

"కూడు వండను పోతాండా. జరుగు."

"అక్కా, వద్దక్కా. ముందు నాది... లేకపోతే ఆ చివరిది ముట్టిద్దాం. నీ మడి వద్దు."

"ఎవురిది ముందు అని చూస్తాంటే ఎవురిదీ కాదురా. నేనే నీళ్లు పోసి చంపితి వాటిని. ఈ పొద్దు నేనే పెడతా."

గంగులు మడి దగ్గర కూర్చుని, అద్దాన్ని రెండు చేతులతో వంచింది. చెంబులతో పోసిన తడి పైపైనే ఉండేది, పోయడం ఆపాక ఎండకు గడ్డి కూడా ఎండిపోయింది. వెలుతురు చుక్క గడ్డి మీద పడి, అక్కడే ఉంది. చాలాసేపు ఏమీ కాలేదు. కాకూడదని నేను మొక్కుకున్నాను, దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. తర్వాత సన్నగా పొగ. తర్వాత చిటపట. కొండ మీద పుట్టిన పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. మంటను వాళ్లు చూడటం అదే మొదలు.

కాశమ్మ గంగులును పేరు పెట్టి పిలిచింది, ఒక్కసారి. గట్టిగా కాదు. తర్వాత అద్దం నాకు ఇచ్చింది.

"నీ బామ్మర్దికి ఇవ్వు. వానికి వంగను చేత కాదు, నువ్వు పట్టుకో."

చౌడప్ప వంగాడు. చుక్క ఒకచోట నిలవలేదు. నేను వాడి వెనక నిలబడి మోచేతులు పట్టుకున్నాను. అలా ఒక్కొక్క ఇంటివాళ్లూ వచ్చారు. ఒక్కొక్క పేరూ వినబడింది. నాకు తెలిసిన పేర్లే అన్నీ, ఎత్తుకుని తిప్పిన పిల్లలవే. పొగ కొండ నడుం చుట్టూ తిరిగింది. మేమందరం దగ్గాం. ఎవరిది పొగ దగ్గో, ఎవరిది ఏడుపో తెలియలేదు, ఎవరూ తేల్చుకోలేదు.

కాలిన నేల మీద నత్తచిప్పలు తెల్లగా బయటపడ్డాయి. కాలు పెడితే అటుకుల్లాగా నలిగాయి.

నమోదు 81

పడమటి బండల మీద మంద సగానికి సగం కూడా లేదు. తూనీగకు డాక్టరమ్మ ఏదో మార్చింది, ఇప్పుడు కదలనివాటిని లెక్కపెట్టడం లేదు. నేను కూర్చుని ఉంటే నన్ను కూడా తీసేస్తోంది. దగ్గు ఉంది. తగ్గిందో, దగ్గేవి తగ్గాయో చెప్పలేను.

కొండను చూడటానికి ఒప్పందం వాళ్లు వానల తర్వాత వస్తారట. ఆలోపు మంద ఉందనిపించాలి. లేదంటే మూటలు కట్టుకోవాలి. ఎదురింటి వాళ్లు కిటికీ చీర విప్పారు, మూటకు పనికొస్తుందని కాబోలు.

కాశమ్మ మాట్లాడుతోంది. కూరలో ఉప్పు వేస్తోంది. పొద్దున నల్లటి మడి దగ్గరికి పోయి నిలబడుతుంది. చేతిలో చెంబు ఉండదు. ఊరికే నిలబడుతుంది.

నమోదు 88

గోతంపట్ట తెమ్మంటే గుడిసెకు వచ్చాను. వచ్చాను కాబట్టి రెండు ముక్కలు చెబుతున్నాను, తర్వాత తీరికుంటుందో ఉండదో.

బోడిబండల మీద ఒక ఆడ కణుజు పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది. కట్టినవాటిలో మొదట ఈనుతున్నది ఇదే. మామూలుగా మనిషి వాసన వస్తే దూకి పారిపోవాల్సిన జంతువు, లేవలేక కాశమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. ముక్కడానికి ఊపిరి చాలడం లేదు. ఒకసారి ముక్కితే నాలుగు దగ్గులు. డాక్టరమ్మ దాని రొమ్ము మీద చెవి పెట్టి విని, మాకు కనబడకుండా తల అడ్డంగా ఊపింది. నాకు కనబడింది.

"తల్లి నిలవదన్నా," అంది. "బిడ్డ సంగతి చూద్దాం. బయట పడినాక ఊపిరి తీస్తాదా లేదా, తీస్తే ఎట్ల తీస్తాది, అదే మనకు కావాల్సింది."

చౌడప్ప బండ మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఆస్పత్రి వరండాలో మొగుడిలాగా. నీది కాదురా బాబూ కూర్చో అన్నాను. కూర్చోలేదు. నేను గోతానికి బయలుదేరుతుంటే వెంట పడి వచ్చాడు.

"బావా, ఒక మాట. తల్లులన్నీ ఇట్లనే పోయి, నాలుగు పిల్లలు మిగిలినాయనుకో. వచ్చేవాళ్లు దాన్ని మంద అంటారా?"

వాడు నన్ను నిజంగా ఏదైనా అడగడం పెళ్లినాటి నుంచి ఇదే మొదటిసారి. అందుకని నడవడం ఆపి, బాగా ఆలోచించి జవాబు చెప్పాను. అది ఈ పెట్టెలో ఉంటే రేపు వచ్చేవాళ్లకు వినిపించొచ్చు. నేనేమన్నానంటే...

"యోవ్! గోతం తెమ్మంటే యాడ పండుకున్నావు? కాళ్లు బయటపడినాయి! రా బిరీన!"

కాశమ్మ. కొండ ఇవతలికి వినబడింది, ఆ గొంతుకు పెట్టె ఎందుకు. ఆఁ, వస్తున్నా! తెస్తున్నా! పెట్టే, ఇది మాత్రం రాసుకో, చౌడప్పకు నేను చెప్పింది. మనం బిడ్డలు లేకుండా, పెద్దవాళ్లమే నలుగురం ఎక్కొచ్చి దీన్ని ఊరు అన్నామా లేదా, అలాంటప్పుడు పెద్దవి లేకుండా ఆ నాలుగు కూనలే నిలబడి ఊపిరి తీస్తే దాన్ని మంద అనక...